కత్తి పాతదే కావచ్చు, అందులో ఏ ముక్క పాతది?

సంపాదకులకు నమస్కారం.

దసరా దగ్గర పడిందంటే పత్రికల జిల్లా పేజీల్లో ఒక ఫొటో తప్పదు. ఎర్ర గుడ్డ మీద తుప్పు కత్తి, దాని మీద కుంకుమ బొట్లు, వెనక ఇంటిల్లిపాదీ. కింద 'కాకతీయుల నాటి ఖడ్గం' అనో, 'ఐదొందల ఏళ్ల నాటి రాజుల కత్తి' అనో పెద్ద అక్షరాలు. పాత ఇల్లు కూల్చినప్పుడు, బావిలో పూడిక తీసినప్పుడు దొరికిన కత్తులకూ ఇదే వరస. ఆ ఐదొందలు ఎవరు లెక్కపెట్టారో వార్తలో ఉండదు. అలుగు, అంటే కత్తిలో నరికే ఉక్కు భాగం, పొడవెంతో, పిడి ఏ తీరుదో అసలే ఉండదు. పాత ఆయుధాలను పరిశీలించి భద్రపరిచే పని తెలిసినవాళ్లకు ఆ ఫొటోలో తొంభై పాళ్లు ఒకే వస్తువు కనబడుతుంది: తల్వారు అనే వంపు కత్తి. దాని వయసు ఎలా కట్టాలో, ఎక్కడ మోసపోతామో మీ పాఠకులకూ విలేకరులకూ పనికొస్తుందని ఈ ఉత్తరం.

ముందు ఒప్పుకోవాల్సింది, కత్తికి ఒకే వయసు ఉండదు. అలుగు ఒక తరానిది, పిడి ఇంకో తరానిది, ఒర మరో తరానిది అయి ఉంటాయి. మన దేశంలో తల్వారు అలుగుకు వెనక పొట్టి తోక ఉంటుంది. దాన్ని బోలు పిడిలోకి దించి, కరిగించిన లక్క పోసి బిగిస్తారు. మేకులు, మరలు ఏవీ ఉండవు. లక్క ఎండి పెళుసెక్కితే పిడి కదులుతుంది. మళ్లీ వేడి చేసి కొత్త లక్క పోస్తే సరి, పది నిమిషాల పని. ఆ పది నిమిషాల్లోనే అలుగు పాత పిడిని వదిలి కొత్త పిడిలోకి మారిపోవచ్చు. మంచి అలుగు చాలా ఖరీదు. తాత అలుగుకు మనవడు తన కాలపు పిడి వేయించుకోవడం రివాజు. అందుకే లక్క కొత్తగా ఉన్నంత మాత్రాన కత్తి నకిలీ అయిపోదు. పిడి పాతదైనంత మాత్రాన అలుగు పాతదీ కాదు. 'ఈ కత్తి ఎన్నాళ్లది?' అని కాకుండా 'ఈ అలుగు ఎన్నాళ్లది, ఈ పిడి ఎన్నాళ్లది, రెండూ ఎప్పుడు కలిశాయి?' అని అడగాలి.

ఆ రెండూ మొదటి నుంచీ జోడీయేనా అన్నది కళ్లతోనే కొంత తెలుస్తుంది. పిడి కింది భాగం నుంచి అలుగు రెండు ముఖాల మీదికీ చిన్న నాలుకలు దిగి ఉంటాయి. అలుగు వాటి మధ్య ఒదిగి కూర్చుందా, లేక ఒక పక్క గోరు దూరేంత సందు ఉందా? సందులో లక్క పొంగి గట్టిపడిందా? నాలుక కింద అలుగు మీద వేరే కొలత నాలుక వదిలిన నల్లని నీడ ఉందా? ఉంటే ఆ అలుగు ఇంకో పిడిలో చాలాకాలం ఉండి వచ్చింది.

ఇక పిడి. తల్వారు పిడికి పైన గుండ్రటి పళ్లెం లాంటి బిళ్ల, దాని నడుమ చిన్న బొడిపె, మధ్యలో ఉబ్బిన పట్టు, కింద రెండు పక్కలకు అడ్డకొమ్ములు ఉంటాయి. కొన్నింటికి వేళ్లకు కాపుగా వంగిన కమ్మి కూడా. పట్టు ఇరుకుగా ఉండటం చూసి 'పూర్వం మనుషుల చేతులు చిన్నవి' అనేస్తుంటారు. అదేం కాదు. చూపుడు వేలిని అడ్డకొమ్ము మీదుగా వేసి పట్టుకునే కత్తి ఇది. మణికట్టు కదలికను పైబిళ్ల ఆపుతుంది, నరికే దెబ్బకు అదే బలం.

ఈ రకం పిడి మొగలాయిల కాలంలో స్థిరపడి, 17వ శతాబ్దం నుంచి దేశమంతా పాకింది. కాకతీయ రాజ్యం 1323లో పోయింది. మన ఊళ్లలో గుడి ముందో చెరువు గట్టు మీదో నిలబడి ఉన్న పాత వీరగల్లుల మీద వీరుల చేతుల్లోని కత్తులను ఓసారి దగ్గరగా చూడండి. పళ్లెం బిళ్ల పిడి కనబడదు. కాబట్టి గుండ్రటి బిళ్ల ఉన్న కత్తిని రుద్రమదేవికి అంటగడితే నాలుగు వందల ఏళ్ల తేడా వస్తుంది. తల్లికోట యుద్ధానికి ముందటి విజయనగరం కత్తి అన్నా బలమైన సాక్ష్యం చూపించాలి. చేతిని మొత్తం కప్పే బుట్ట పిడి, పైన పొడవాటి ముల్లు, తిన్నని వెడల్పు అలుగు ఉంటే అది ఖండా. ముల్లు అలంకారం కాదు, రెండో చేయి వేసి కొట్టడానికి. అదే బుట్ట పిడికి విదేశం నుంచి వచ్చిన తిన్నని అలుగు బిగిస్తే దాన్ని ఫిరంగి అన్నారు. పేరులోనే ఉంది, పరంగివాళ్ల అలుగు అని.

ఈ పరంగి అలుగుల సంగతి మన ప్రాంతానికి బాగా దగ్గరిది. బ్రిటిషు సైన్యం 1796లో తేలిక అశ్వికదళానికి ఒక వంపు కత్తిని ప్రవేశపెట్టింది. అలుగు సుమారు 83 సెంటీమీటర్లు, ఒకే వెడల్పు గాడి, మొన వైపు సన్నబడాల్సింది పోయి కాస్త వెడల్పవుతుంది. 1821లో కొత్త నమూనా వచ్చాక ఈ పాత కత్తులు దళాల నుంచి బయటపడి పోగుపడ్డాయి. నిజాం సేవలో ఉన్న అశ్వికులు వాటిని కొని, ఉక్కు ఒరలు పారేసి కొయ్య ఒరలు చేయించి, పిడులు తమ పద్ధతిలో మార్చుకున్నారు. ఆ కత్తులు చేసిన గాయాల గురించి వైద్యుడి నివేదికలో చదివి నివ్వెరపోయి వివరం అడిగిన బ్రిటిషు అధికారి పేరు లూయిస్ నోలన్. అవి తమ సైన్యమే పారేసిన కత్తులని తెలుసుకుని 1853లో అచ్చయిన తన పుస్తకంలో రాశాడు. మరుసటి ఏడు బాలాక్లావా యుద్ధంలో చనిపోయాడు. కిటుకు ఏమీ లేదు: ఉక్కు ఒరలో పదే పదే దూసి దించితే పదును పోతుంది, కొయ్య ఒరలో నిలుస్తుంది.

అందుకే హైదరాబాద్ చుట్టుపక్కల దొరికే తల్వారును తిరగేసి ముందు వెన్ను, అంటే పదును లేని మందపు అంచు, చూడాలి. జర్మనీలోని సోలింగెన్ నుంచి అలుగులు తెప్పించి అమ్మిన రంకెల్ పేరు, లేదా బర్మింగ్‌హామ్ కమ్మరులు గిల్, ఆస్బర్న్ లాంటివాళ్ల పేర్లు సాధారణంగా వెన్ను మీద, పిడికి దగ్గర్లో చెక్కి ఉంటాయి. అలుగు మొదట్లో కిరీటం, దాని కింద అంకె ఉంటే అది సర్కారు తనిఖీ ముద్ర. ఇప్పుడు ఒక చిక్కు ఊహించండి. బొబ్బిలి యుద్ధంలో, అంటే 1757లో, వాడిన కత్తి అని ఒక ఇంట్లో చెప్పుకుంటున్నారు. అలుగు మీద రంకెల్ పేరుంది, ఆకారం 1796 నమూనాది. బొబ్బిలి కోట కాలిన దాదాపు నలభై ఏళ్లకు గాని ఆ అలుగు పుట్టలేదు. పిడి మాత్రం బొబ్బిలి నాటిదే కావచ్చు! ఇంటివాళ్ల మాట సగం నిజం, సగం తప్పు. 'నకిలీ' అని ముద్ర వేయడమూ తప్పే.

కొలతలకు వద్దాం. వార్త రాసే విలేకరి దగ్గర ఏమీ లేకపోయినా ఒక టేపు, ఒక వెర్నియర్ కాలిపర్స్ ఉంటే చాలు. అలుగు పొడవు పిడి నుంచి మొన వరకు తిన్నగా కొలవాలి, వంపు వెంబడి కాదు. ఆ తిన్నని గీత నుంచి వెన్ను ఎక్కువగా దూరం జరిగిన చోట వంపు లోతు ఎంతో చూడాలి. తర్వాత అన్నిటికంటే ముఖ్యమైనది: వెన్ను మందం మూడు చోట్ల, పిడి దగ్గర, నడుమ, మొనకు ఐదు సెంటీమీటర్ల ముందు. చేత్తో కొట్టి తీర్చిన యుద్ధపు అలుగు పిడి దగ్గర 6 నుంచి 9 మిల్లీమీటర్లు ఉండి, క్రమంగా సన్నబడి మొన దగ్గర 2, 3కు దిగుతుంది. మూడు చోట్లా 3 మిల్లీమీటర్లే వచ్చిందంటే ఉక్కు రేకును కోసి పదును పెట్టినది. పెళ్లిళ్లకు, నాటకాలకు, పర్యాటకులకు అమ్మే సరుకు అది. ఎంత తుప్పు పట్టినా ఆ లెక్క మారదు. బరువు కూడా తూచాలి. వాడకపు తల్వారు చాలావరకు ముప్పావు కిలో నుంచి కిలోకు కాస్త పైన తూగుతుంది. 'ఐదు కిలోల రాజఖడ్గం' అని వార్త వస్తే అది ఊరేగింపుదో, గుడిలో అమ్మవారికి మొక్కుగా ఇచ్చినదో అయి ఉంటుంది. దాంతో యుద్ధం చేసినవాడు మొదటి పావుగంటలో అలసిపోతాడు.

ముద్రల దగ్గరే ఎక్కువమంది బోల్తా కొడతారు. అలుగు మీద బంగారు తీగతో పొదిగిన 'అమలె అసదుల్లా ఇస్ఫహానీ' (ఇస్ఫహాన్ అసదుల్లా చేసినది) అన్న సంతకం కనిపించగానే పారశీక చక్రవర్తి షా అబ్బాస్ కాలం అనేస్తారు. షా అబ్బాస్ 1588 నుంచి 1629 వరకు ఏలాడు. కానీ ఆ సంతకం ఉన్న అలుగులు తర్వాతి రెండు వందల ఏళ్లలోనూ లెక్కలేనన్ని వచ్చాయి. పేరున్న మిఠాయి కొట్టు బోర్డును పక్క వీధివాడు పెట్టుకున్నట్టే. ఆ సంతకాన్ని కాలానికి సాక్ష్యంగా తీసుకోకూడదు, 'మంచి అలుగుగా అమ్మాలనుకున్నారు' అన్నదానికే తీసుకోవాలి. నాలుగు గళ్ల చతురస్రంలో నాలుగు అక్షరాలో, 2, 4, 6, 8 అంకెలో ఉంటే అది రక్ష యంత్రం, తేదీ కాదు. చిన్న గొడుగు ముద్ర రాచరికానికి గుర్తే గాని ఫలానా రాజుదని దానంతట అది చెప్పదు. పరుగెత్తే తోడేలు బొమ్మ జర్మనీ అలుగుల గుర్తు. వాటిని, ఇటలీ జెనోవా అలుగుల మీది కనురెప్పల్లాంటి అర్ధచంద్రాలను మన కమ్మరులూ కొట్టేవారు. నకలు ముద్రలో గీత లోతు ఒక్క తీరుగా ఉండక వంకర్లు పోతుంది. భూతద్దంలో తేడా తెలుస్తుంది.

తేదీ నిజంగానే ఉంటే, చదవడం ఇంకో పరీక్ష. అరబ్బీ అంకెల్లో సున్నా అంటే ఒక చుక్క. తుప్పు తిన్న గుంట కూడా చుక్కలాగే ఉంటుంది. మన కంటికి సున్నాలా కనబడే గుండ్రటి గుర్తు అక్కడ ఐదు. 2కి, 3కి ఒక పన్ను తేడా. ఇవి సరిగా చదివి, హిజ్రీ సంవత్సరాన్ని 0.97తో గుణించి 622 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. 1217 అని ఉంటే 1802. నిజాం సర్కారు ఫసలీ కూడా వాడింది. భూమి కాగితాలు చూసినవాళ్లకు తెలిసిందే, ఫసలీకి 590 కలపాలి. 1300 హిజ్రీ అయితే 1882-83, ఫసలీ అయితే 1890-91. సర్కారు సామాను మీద ఏదైనా రావచ్చు, పక్కన ఏ మాట ఉందో చూసి తేల్చుకోవాలి. టిప్పు సుల్తాన్ తనే ప్రవేశపెట్టిన మౌలూదీ శకపు సంవత్సరంలో అంకెలు కుడి నుంచి ఎడమకు చదవాలి. పైగా అతని సామాను మీద పులిచారల గుర్తు ఉంటుంది. పులిచార ఉన్న ప్రతిదీ టిప్పుది కాదు లెండి, వాటికి మార్కెట్టులో ఉన్న గిరాకీ నకిలీవాళ్లకూ తెలుసు.

పిడి మీద, అడ్డకొమ్ముల దగ్గర చుక్కలు చుక్కలుగా కొట్టిన నాగరి అక్షరాలు కనిపిస్తే ఆగి చూడండి. అది బికనీరు ఆయుధాగారపు పద్దు గుర్తు కావచ్చు. 1689 ప్రాంతంలో మన ఆదోని కోట మొగలాయిల చేతికి చిక్కినప్పుడు బికనీరు రాజు అనూప్ సింగ్ ఆ దండులో ఉన్నాడు. ఆదోని నుంచి చాలా ఆయుధాలు బికనీరు చేరాయి. రాజస్థానీ అక్షరాలున్న దక్కనీ పిడికి జన్మస్థలం రాజస్థాన్ అని రాసేస్తే మన ఆదోని సొత్తును మనమే వదులుకున్నట్టు. అక్షరాలు పద్దు రాసినవాడివి, పిడి చేసినవాడివి కావు.

ఇంగ్లీషు అక్షరాలున్నవి తేలిక. రాజముద్రలో వీ.ఆర్. ఉంటే విక్టోరియా, 1837 నుంచి 1901. డబ్ల్యూ.ఆర్. ఉంటే 1830 నుంచి 1837. ఈ.ఆర్. ఏడు అయితే 1901 నుంచి 1910. లండన్ కత్తుల కంపెనీ విల్కిన్సన్ చేసినవాటి వెన్ను మీద వరస నంబరు ఉంటుంది, 1854 నుంచి వాటికి పద్దులున్నాయి. అలుగు మొదట్లో ఆరు కోణాల నక్షత్రం నడుమ ఇత్తడి బిళ్ల ఉన్నంత మాత్రాన ఆ కంపెనీదని అనుకోవద్దు, వేరే కంపెనీలూ అది వాడాయి. తల్వారు లాంటి పిడి ఉన్న కత్తి మీద 'మోల్, బర్మింగ్‌హామ్' అని కొట్టి ఉంటే అది భారత అశ్వికదళాలకు ఇంగ్లండు నుంచి చేయించి తెప్పించినది. 1920లో ఆ కంపెనీ విల్కిన్సన్‌లో కలిసిపోయింది. జర్మనీ, ఇంగ్లండు అని దేశం పేరు అచ్చులో ఉంటే 1890 ప్రాంతం తర్వాతిదని అనుకోవచ్చు.

ఇప్పుడు ఉక్కు. మన ఉక్కు మాటే దేశం దాటి 'వూట్జ్' అయింది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మట్టి మూసల్లో ఇనుమును కరిగించి ఈ ఉక్కు ముద్దలు తీసేవారు. 1820ల్లో సర్వే శాఖ వైద్యుడు హెన్రీ వాయిసీ అక్కడికి వెళ్లి ఆ పని చూసి రాశాడు. ఉక్కు కొనడానికి ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుణ్ణి కూడా అక్కడే కలిశాడు. అంటే అలుగు ఇస్ఫహాన్‌లో కొట్టినదైనా ముద్ద మన కోనసముద్రంది అయి ఉండొచ్చు, దానికి పిడి లక్నోలో వేయించి ఉండొచ్చు. ఇలాంటి కత్తి 'పుట్టిన ఊరు' ఏది అంటే ఒక్క పేరు చెప్పడం సాధ్యం కాదు. మూడు పేర్లు రాయాల్సిందే.

మూస ఉక్కులో కార్బన్ ఒకటిన్నర శాతం దగ్గర్లో ఉంటుంది. చల్లారేటప్పుడు కార్బైడు గింజలు పొరలుగా చేరి, కొట్టి తీర్చాక నీటి అలల్లాంటి చార కనిపిస్తుంది. ఉర్దూలో జౌహర్ అంటారు. పాత పనివాళ్లు అన్నభేది నీళ్లతో తుడిచి ఆ చార పైకి తెచ్చేవారు. చార చూసి మోసపోయే చోట్లు రెండు. ఒకటి, రెండు రకాల ఉక్కు పొరలు అతికి మడతపెట్టి కొట్టినది. దాని చార లావుగా, నలుపు తెలుపుల్లో, ఒకే తీరుగా సాగుతుంది. ఇప్పుడొచ్చే వాటిలో తెల్ల పొర నికెల్ వల్ల అద్దంలా మెరుస్తుంది. రెండోది మరీ చవకబారు: మామూలు ఉక్కు మీద మైనంతో బొమ్మ గీసి ఆమ్లంతో తినిపించినది. తేడా పట్టడం సులువు. ఉత్త పైపూత చారను సన్నటి మెరుగు కాగితంతో రుద్దితే మాయమైపోతుంది, మళ్లీ రాదు. నిజమైన జౌహర్ రుద్దితే పోయినా మందు తగిలితే అదే చోట అదే చార లేస్తుంది, ఎందుకంటే అది లోపలిది. అయితే ఈ పరీక్ష మొత్తం అలుగు మీద చేయకూడదు. పిడి నాలుక పక్కన ఒక సెంటీమీటరు చాలు, అది కూడా చేయి తిరిగినవాళ్ల చేత.

ఈమధ్య బంగారం స్వచ్ఛత చూసే యంత్రం దగ్గరికి కత్తులు తీసుకెళ్తున్నారు. ఆ ఎక్స్‌రే యంత్రానికి కార్బన్ కనబడదు. 'ఇనుము 99 శాతం' అన్న చీటీ మూస ఉక్కుకూ వస్తుంది, గునపానికీ వస్తుంది. అయినా ఒక మేలుంది. క్రోమియం పన్నెండు శాతం దాటితే అది స్టెయిన్‌లెస్, 1913కు ముందు లేనే లేదు. మాంగనీసు అర శాతం దాటి ఉంటే కర్మాగారం ఉక్కు కావచ్చని అనుమానించాలి. ఉక్కులో మాంగనీసు కలపడం 1850ల్లో ఉక్కును పెద్ద ఎత్తున తయారుచేసే బెస్మర్ పద్ధతి వచ్చాకే మామూలైంది. అయస్కాంతం పరీక్ష మాత్రం శుద్ధ దండగ, పాతా కొత్తా దాదాపు అన్నీ అతుక్కుంటాయి. ఉక్కులోని కార్బన్‌కు రేడియో కార్బన్ పరీక్ష చేయవచ్చు గాని ముక్క తీయాలి. రాతి బొగ్గుతో చేసిన ఉక్కయితే వేల ఏళ్ల వయసు చూపించి నవ్వులపాలు చేస్తుంది.

ఇనుప పిడి పోతపోసినదైతే కొత్తది. పాత ఇనుప పిడిని రెండు చెక్కలుగా కొట్టి అతికేవారు. పోత పిడి లోపలి మూలల్లో ఇసుక గరుకు, సన్న రంధ్రాలు, అచ్చు అతుకు గీత దొరుకుతాయి. బంగారు తీగ పని నిజమో కాదో తెలియాలంటే అరిగిన చోట పది రెట్ల లెన్స్ పెట్టి చూడాలి. తీగ పట్టు దొరకడానికి ఇనుము మీద గీసిన అడ్డ నిలువు గీతల వల కనబడాలి. వల లేకుండా నున్నటి ఇనుము కనబడితే అది బంగారు రంగు. తుప్పు సంగతీ అంతే: వయసు తెచ్చిన తుప్పు నల్లగా, గట్టిగా, ఒకచోట లోతుగా మరోచోట అసలు లేకుండా ఉంటుంది. ఉప్పూ ఆమ్లమూ పోసి నెలలో పట్టించినది నారింజ రంగులో అంతటా సమంగా, వేలికి అంటుకునేలా ఉంటుంది. ఒర గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. చాలాసార్లు మూడింటిలో అదే కుర్రది, దాని మఖ్‌మల్ చూసి కత్తి వయసు కట్టొద్దు.

వీటన్నిటినీ ఒక్క మధ్యాహ్నంలో తుడిచేసే పని మన ఇళ్లలో ప్రతి ఏటా జరుగుతుంది. ఆయుధ పూజకు ముందు చింతపండు, ఇటుక పొడి, నిమ్మచెక్క వేసి తళతళలాడేలా తోమడం. చింతపండు పులుపు జౌహర్‌ను తినేస్తుంది, ఇటుక పొడి సంతకం గీతలను అరగదీస్తుంది, నిమ్మరసం బంగారు తీగ కిందికి దిగి దాన్ని లేపేస్తుంది. తోమాక కుంకుమ తడి బొట్లు, వాటి కింద వారంలో కొత్త తుప్పు. పూజ మానమని ఎవరూ అనరు. బొట్టు కత్తి కింద పరిచిన గుడ్డకో పీటకో పెట్టి, సాయంత్రానికి మెత్తటి గుడ్డతో తుడిచి, కుట్టుమిషన్ నూనె పలచగా రాస్తే చాలు. కొబ్బరినూనె వద్దు, అది నిలవుండి ముక్కి ఆమ్లమవుతుంది. కత్తిని ఒరలోనే ఏడాది పొడవునా ఉంచొద్దు, తోలూ కొయ్యా చెమ్మ పట్టి అలుగును లోపలే తింటాయి. పిడి వదులైందని పొయ్యి మీద పెట్టడం, అరాల్డైట్ పోయడం రెండూ తప్పే. మొదటిది అలుగు గట్టిదనం పోగొడుతుంది, రెండోది మళ్లీ ఊడదు.

చట్టం గురించి కూడా వార్తల్లో ఒక్క వాక్యం ఉండటం లేదు. భూమిలో దాచి ఉన్నది దొరికి విలువ పది రూపాయలు దాటితే 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి. వందేళ్లు నిండిన కత్తి 1972 పురావస్తువుల చట్టం కింద పురావస్తువు. వ్యాపారం చేయాలంటే లైసెన్సు కావాలి, సొంతంగా దేశం దాటించడానికి వీల్లేదు. డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న కొడుకు తాతగారి కత్తిని పెట్టెలో పెట్టుకుని వెళ్లాలనుకుంటే అది పట్టుబడే నేరం, ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు. వందేళ్లు నిండనిదైతే కేంద్ర పురావస్తు శాఖ నుంచి పురావస్తువు కాదన్న ధ్రువపత్రం తీసుకుని వెళ్లాలి. అలాగే 1959 ఆయుధాల చట్టం దృష్టిలో కత్తి కూడా ఆయుధమే. లైసెన్సు కావాలా అన్నది ఆ ప్రాంతానికి ఉన్న నోటిఫికేషన్‌ను బట్టి ఉంటుంది గనుక, ఇంట్లో దొరికిందని ఠాణాలో రాతపూర్వకంగా చెప్పి రసీదు ఉంచుకోవడం మేలు.

సరిపోల్చి చూసుకోవాలంటే హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గదికి వెళ్లవచ్చు. రాష్ట్ర పురావస్తు శాఖల నిపుణుల అభిప్రాయమూ అడగవచ్చు. ధర మాత్రం వాళ్లను అడగకండి, అది వాళ్ల పని కాదు.

మీ విలేకరులకు ఒక విన్నపం. ఈసారి కత్తి ఫొటో వస్తే ఇంటివాళ్లను కాస్త పక్కకు జరగమనండి. కత్తి రెండు వైపులా, వెన్ను పైనుంచి, పిడి బిళ్ల నేరుగా, పిడి అలుగు కలిసే చోటు, పక్కన స్కేలు పెట్టి ఐదు ఫొటోలు తీయండి. అక్షరాలు కనబడకపోతే సుద్దపొడి పూయొద్దు. గది చీకటి చేసి టార్చిని అలుగుకు దాదాపు సమాంతరంగా, పక్కనుంచి వేయండి. చెరిగిపోయాయనుకున్న గీతలు నీడలుగా లేస్తాయి. వాటి మీద పలచటి కాగితం పరిచి మెత్తటి పెన్సిల్‌తో అచ్చు తీసుకోండి. వార్తలో పొడవు, మూడు చోట్ల మందం, బరువు రాయండి. వయసు దగ్గర 'ఇంటివారు చెబుతున్నది' అని రాసి వదిలేయండి. ఆ కొలతలు ఉంటే మిగతాది చదివినవాళ్లే తేలుస్తారు.

ఇట్లు,
పాత ఆయుధాల పని తెలిసిన ఒక పాఠకుడు,
హైదరాబాద్